మూత కూడా తీయకుండానే బోర్డు పోయిందంట!
ఎడిటర్ గారికి,
మా డిష్‌వాషర్‌లో నీళ్లు వేడెక్కట్లేదు, ఎర్రర్ చూపిస్తోంది. మెకానిక్ వచ్చి మూత కూడా తీయకుండానే లోపలి కంట్రోల్ బోర్డు మార్చాల్సిందే అన్నాడు, నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. ప్లగ్ పీకేసి, నీళ్లు తోడేసి, టెంపరేచర్ సెన్సార్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టా, ఇది ఎన్‌టీసీ రకం కదా, వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గాలి, వేడినీళ్ల గ్లాసులో ముంచినా రీడింగ్ కదిలితే ఒట్టు! అదే పార్ట్ నంబర్‌ది తెప్పించి పెట్టా, గిన్నెలు మళ్లీ పొగలు కక్కుతూ బయటికొస్తున్నాయ్ (మా అత్తగారైతే ఇప్పటికీ నమ్మట్లేదు).
కంపెనీలు రిపేర్ వివరాలు ఒకేచోట ఇచ్చేలా 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, సంతోషమే. కానీ మా మాన్యువల్‌లో ఆ సెన్సార్‌కి ఎన్ని ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉండాలో ఒక్క ముక్క లేదు. కంపెనీలతో అదైనా రాయించండి సార్.
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్