థర్మామీటర్ పాడవలేదు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఏడో తరగతి పిల్లలు ల్యాబ్‌లో ఐసు కరిగించారు. బీకరులో ఐసుముక్కలు, మధ్యలో థర్మామీటర్, కింద సన్నటి మంట. ఎంతసేపు కలియబెట్టినా రీడింగ్ సున్నా దగ్గరే కూర్చుంది. "మేడమ్, ఇది పాడైంది, వేరేది ఇవ్వండి" అంటూ రెండు గుంపులు నా గదికే వచ్చేశాయి!

పాడవలేదు. మంట ఇచ్చే వేడంతా ఐసులో అణువులు ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు సడలించడానికే ఖర్చవుతుంది. ముక్కలన్నీ కరిగాకే నీరు వేడెక్కడం మొదలవుతుంది. కిలో ఐసు కరగడానికి దాదాపు 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే వేడితో కిలో చల్లని నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. పుస్తకంలో దీన్ని గుప్తోష్ణం అంటారు. మా రోజుల్లో మేం ఆ మాట బట్టీపట్టాం, వీళ్లు కళ్లారా చూశారు.

కరగాలంటే మంటే అక్కర్లేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. చలికాలంలో పొద్దున్నే గడ్డకట్టిన సీసాను ఎండలో పెట్టడం మీకు తెలిసిందే.

వాయువు సంగతి వచ్చేసరికి ఒకడు అడిగాడు: "గ్యాస్ బండలో గ్యాస్ ఉంటే, ఊపినప్పుడు నీళ్ల చప్పుడెందుకు?" మంచి ప్రశ్న. బండలో ఉండే ప్రొపేన్, బ్యూటేన్‌లను మామూలు వేడిలోనే గట్టిగా నొక్కితే ద్రవమైపోతాయి. అందుకే 14.2 కిలోలు అంత చిన్న బండలో పడతాయి. రెగ్యులేటర్ తిప్పగానే పైన చేరిన ఆవిరి పొయ్యికి వస్తుంది, కింద ద్రవం మళ్లీ ఆవిరవుతుంది.

ఆక్సిజన్ మాత్రం అలా లొంగదు. 1823లో ఫారడే మూసిన గాజుగొట్టంలో క్లోరిన్‌ను ద్రవంగా మార్చాడు కానీ, ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ ఎవరికీ లొంగక 'శాశ్వత వాయువులు' అని పేరు తెచ్చుకున్నాయి. చిక్కుముడి విప్పింది బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ద్రవం కాదని 1869లో చూపించాడు. ప్రతి వాయువుకీ అలాంటి హద్దు ఒకటి ఉంటుంది. ఆక్సిజన్‌కి అది మైనస్ 118 డిగ్రీలు. ముందు అంతకన్నా చల్లబరచాలి, ఆ తర్వాతే నొక్కడం. 2021 ఏప్రిల్‌లో విశాఖ నుంచి రైలెక్కిన ట్యాంకర్లలో ఉన్నది ఇలా చల్లబరచిన ద్రవ ఆక్సిజనే. వాయువుగా పంపాలంటే ఎన్ని బండ్లు కావాలో లెక్కగట్టమని పదో తరగతికి ఇచ్చాం.

చిన్న మనవి. పిల్లలు ఇంట్లో ఐసు, నూనె, కొవ్వొత్తి మైనంతో చేసి చూస్తామంటే పక్కన ఉండి చేయనివ్వండి. గ్యాస్ బండను మాత్రం ఊపనివ్వకండి, పడుకోబెట్టనివ్వకండి. అడ్డంగా పెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు