ఆరో పిక్‌లో 88 నంబరు వాడు

ఫ్రిస్కో, టెక్సస్
24 ఆగస్టు 2025, ఆదివారం

ఒరేయ్ మూర్తీ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి నవ్వుకోడానికి, రెండోసారి మా ఆవిడకు వినిపించడానికి, మూడోసారి అసలు నువ్వేం అడుగుతున్నావో అర్థం చేసుకోడానికి. అమెరికన్ ఫుట్‌బాల్ మాటెత్తితే పదకొండేళ్ళుగా "ఆ హెల్మెట్ల కుమ్ములాట నాకెందుకురా" అంటూ వచ్చినవాడివి, ఆఫీసు ఫ్యాంటసీ లీగ్‌లో ఒక సీటు ఖాళీ అనగానే దూకేశావు. పన్నెండు మంది లీగ్, ఆటగాళ్ళని ఎంచుకోడంలో నీది ఆరో వంతు, అంటే ఆరో పిక్, డాలస్ కౌబాయ్స్ టీమ్‌లో బంతి పట్టే 88 నంబరు సీడీ ల్యామ్‌ని తీసుకోనా వద్దా, ఇదీ నీ ప్రశ్న. ఫోన్లో చెబితే సగం విని మిగతా సగానికి "ఊఁ ఊఁ" అంటావు. అందుకే రాస్తున్నా.

పైగా మీవాళ్ళు డ్రాఫ్ట్, అంటే ఆ ఎంపిక, బుధవారం రాత్రి పెట్టారు. అది వినాయక చవితి! పూజ చేసుకుని, ఉండ్రాళ్ళు తిని, చంద్రుణ్ణి చూడకుండా తిన్నగా వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చో. పిక్ తప్పయితే నీలాపనింద ఎలాగూ నామీదికే తోస్తావు.

ముందొక హెచ్చరిక. నేను ఉండేది ఫ్రిస్కోలో. కౌబాయ్స్ హెడ్డాఫీసు, ప్రాక్టీసు మైదానం ఉన్న 'ద స్టార్' మా ఊళ్ళోనే ఉంది. కూరగాయలకి వెళ్ళినా గుడికి వెళ్ళినా ఆ నీలం నక్షత్రం చొక్కాలు తగులుతూనే ఉంటాయి. 1996 జనవరి తర్వాత సూపర్ బౌల్ ఫైనల్ మొహం చూడని టీమ్ అది. అయినా ఏటా ఆగస్టులో అందరికీ జ్వరం వస్తుంది, నాకూ వస్తుంది. కాబట్టి ల్యామ్ గురించి నేను చెప్పేదాంట్లో పది శాతం అభిమానం కింద కొట్టెయ్.

ఇంకొకటి. నీ బుర్రలో డ్రీమ్ 11 ఉంది. అది పక్కన పెట్టు. అందులో కోహ్లీని లక్షమంది ఒకేసారి తీసుకోవచ్చు, కెప్టెన్ చేస్తే రెట్టింపు పాయింట్లు. ఇక్కడ కెప్టెన్ లేడు, రెట్టింపూ లేదు. ఒకసారి ఒకడు తీసుకున్న ఆటగాడు మిగతా పదకొండు మందికీ దక్కడు. అందుకని "వీడు మంచి ఆటగాడేనా" అని అడగడం దండగ. ఎన్నో పిక్‌కి తీసుకుంటే గిట్టుబాటవుతుందన్నదే లెక్క. (మన తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో డబ్బు పెట్టి ఆడే ఇలాంటి ఆన్‌లైన్ ఆటలు ఆపేశారు కదా, ఈ వారం దేశమంతటికీ చట్టం వచ్చేసింది. మీ బామ్మర్దికి ఓదార్పు చెప్పానని చెప్పు.)

ఇక నా గాయం సంగతి. పోయిన ఏడాది మా లీగ్‌లో నాకు మూడో పిక్. కళ్ళు మూసుకుని ల్యామ్‌ని తీసుకున్నా. ఎందుకు తీసుకోను? 2023లో 135 క్యాచ్‌లు, 1749 యార్డుల దూరం, 12 టచ్‌డౌన్లు, అంటే బంతిని అవతలి గీత దాటించడాలు. ఆ ఏడు అసలు ఫుట్‌బాల్ లీగ్ మొత్తంలో అంతకంటే ఎక్కువ బంతులు పట్టినవాడు లేడు. అయితే 2024 ఆగస్టంతా కాంట్రాక్టు కోసం అలిగి ప్రాక్టీసుకే రాలేదు. ఆగస్టు 26న నాలుగేళ్ళకి 13.6 కోట్ల డాలర్లకి సంతకం పెట్టాక గానీ హెల్మెట్ తగిలించలేదు. నవంబరు 3న అట్లాంటాతో ఆటలో భుజం దెబ్బతింది. అదే ఆటలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ డ్యాక్ ప్రెస్కాట్ తొడ కండరం చిరిగి మిగతా సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. నేను మాత్రం ఎలాగో ఈదుకుంటూ మా లీగ్ ఫైనల్ దాకా వచ్చా. ఫైనల్ 17వ వారం. డిసెంబరు 26న వార్త: భుజం బాగాలేదు, ల్యామ్ ఈ సీజన్లో ఇక ఆడడు. సింక్ దగ్గర గిన్నెలు తోముతూ, సబ్బు చేత్తోనే ఫోన్ తెరిచి చూశా. వాడి పేరు పక్కన ఎర్రటి అక్షరం. బెంచి మీదున్నవాణ్ణి దింపితే వాడు రెండు క్యాచ్‌లు పట్టి ఊరుకున్నాడు. తొమ్మిది పాయింట్లతో ఓడిపోయా. మా ఆవిడ ఇప్పటికీ ఆ ఫోన్ కవర్ మీద సబ్బు మరక చూపించి నవ్వుతుంది.

అందుకే ఈ ఏడు కళ్ళు తెరిచి లెక్క వేశా. నువ్వూ ఒక కాగితం తీసుకో.

ముందు మీ లీగ్ రూల్స్ చూడు. యార్డులకీ టచ్‌డౌన్లకీ అన్ని లీగుల్లోనూ దాదాపు ఒకటే లెక్క, పది యార్డులకి ఒక పాయింటు, టచ్‌డౌన్‌కి ఆరు. తేడా అంతా క్యాచ్ దగ్గరే. పీపీఆర్ అయితే పట్టిన ప్రతి బంతికీ ఒక పాయింటు. ల్యామ్ 2023 తీసుకో: క్యాచ్‌లకి 135, యార్డులకి 174.9, టచ్‌డౌన్లకి 72. మొత్తం 381.9. బంతి చేతికిస్తే పరిగెత్తి తెచ్చినవి ఇందులో కలపలేదు. అదే మనిషి, అదే సీజన్, క్యాచ్‌కి అర పాయింటే అయితే 314.4. క్యాచ్‌కి ఏమీ లేకపోతే 246.9. అంటే మూడో వంతుకి పైగా పాయింట్లు ఒట్టి పట్టుకోవడం మీదే వచ్చాయి. మీది పీపీఆర్ కాకపోతే ఈ ఉత్తరం ఇక్కడితో మడిచి పెట్టేసి, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌ని చూసుకో.

పీపీఆరే అనుకుందాం. 2024లో వాడికి 101 క్యాచ్‌లు, 1194 యార్డులు, 6 టచ్‌డౌన్లు. కూడితే 256.4. నూటపాతిక పాయింట్లు పడిపోయాయి. ఇది చూసి మా లీగ్‌లో ఒకాయన "వాడి పని అయిపోయిందండీ" అని తీర్పిచ్చేశాడు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తా.

పాయింట్లు చూడకు, టార్గెట్లు చూడు. టార్గెట్ అంటే క్వార్టర్‌బ్యాక్ ఆ మనిషి కోసమని విసిరిన బంతి. పట్టాడా జారిందా అన్నది తర్వాతి మాట. 2023లో ల్యామ్ కోసం 17 ఆటల్లో 181 బంతులు విసిరారు. 2024లో 15 ఆటల్లో 152. ఆటకి చూస్తే అప్పుడు పదిన్నర పైచిలుకు, తర్వాత పది. తేడా అరటిపండు తొక్కంత! భుజం నొప్పితో ఆడుతున్నా, ప్రెస్కాట్ లేకపోయినా, టీమ్ బంతిని వాడి వైపే పంపింది. మారిందల్లా ఆ బంతులు ఏమయ్యాయన్నదే. 2023లో వందకి 75 పట్టాడు, 2024లో 66. వాడి వైపు విసిరిన ఒక్కో బంతికీ అప్పుడు 9.7 యార్డులు వచ్చాయి, తర్వాత 7.9.

ఆ తేడా ఎలా ఉంటుందో కళ్ళారా చూశా, టీవీలోనే అనుకో. 2024 నవంబరు 10, ఫిలడెల్ఫియాతో ఆట, ఆర్లింగ్టన్ స్టేడియం. సాయంత్రం పూట. ఆ స్టేడియానికి పడమటి వైపు పెద్ద అద్దాల గోడ. ప్రెస్కాట్ బదులు ఆడుతున్న కూపర్ రష్ ఎండ్ జోన్‌లోకి, అంటే ఆ గీత అవతలికి, బంతి వేశాడు. ల్యామ్ చుట్టూ ఎవడూ లేడు. తలెత్తాడు, కళ్ళకి అడ్డంగా చేతులు పెట్టుకున్నాడు, బంతి పక్కనుంచి వెళ్ళిపోయింది. ఎండ కళ్ళలో పడి కనపడనే లేదు! నా ఆరు పాయింట్లు సూర్యభగవానుడి ఖాతాలో పడ్డాయి. తెరలు కట్టించమంటే ఓనర్ జెర్రీ జోన్స్ ససేమిరా అన్నాడు. వాస్తు చూడకుండా కడితే ఇంతే మరి. ఆ ఆట 34-6తో ఓడిపోయారు. టార్గెట్ లెక్కలో మాత్రం అది ఒక టార్గెట్టే.

టచ్‌డౌన్ల మీద ఆశ పెట్టుకుని ఎవరినీ కొనకు. అవి మామిడి కాపు లాంటివి, ఒక ఏడు విరగ్గాస్తాయి, మరుసటేడు ఉండవు. వాడికే చూడు: 2022లో 9, తర్వాత 12, తర్వాత 6. టార్గెట్లు అలా కాదు, కోచ్ మనసులో వాడి స్థానం మారితేనే మారతాయి.

ఆ స్థానం గురించే ఇప్పుడు నాకు కాస్త టెన్షన్. మే నెలలో కౌబాయ్స్ పిట్స్‌బర్గ్ నుంచి జార్జ్ పికెన్స్‌ని తెచ్చుకున్నారు. మామూలువాడు కాదు. 2023లో 63 క్యాచ్‌లకే 1140 యార్డులు, క్యాచ్‌కి 18 యార్డులు! సగటున అంత దూరం లాగినవాడు ఆ ఏడు అసలు లీగ్‌లోనే లేడు. ఇప్పుడు బంతులు పంచుకోవాలి. దీని మీద రెండు వాదాలున్నాయి. మొదటిది సిన్సినాటి వాదం. అక్కడ టీ హిగిన్స్ లాంటివాడు పక్కనే ఉన్నా జమార్ చేజ్ పోయిన ఏడాది 127 క్యాచ్‌లు, 1708 యార్డులు, 17 టచ్‌డౌన్లు తెచ్చాడు. పక్కన గట్టివాడుంటే ఇద్దరు ముగ్గురు కలిసి నీ మీద పడరు, ఊపిరి ఆడుతుంది అంటారు. వినడానికి బాగుంటుంది.

రెండోది ఎవరూ గుర్తు చేయనిది, ల్యామ్ సొంత చరిత్రే. 2021లో టీమ్‌లో అమారీ కూపర్ ఉన్నాడు. ల్యామ్‌కి వచ్చిన టార్గెట్లు 120. 2022 మార్చిలో కూపర్‌ని క్లీవ్‌ల్యాండ్‌కి పంపేశారు. ఆ సీజన్లో ల్యామ్ టార్గెట్లు 156. వాడు ఒక్క వేసవిలో అంత ఎదిగిపోయాడా, లేక పక్క పీట ఖాళీ అయిందా? రెండూ కొంత కొంత అయ్యుండాలి. ఇప్పుడు ఆ పీట మళ్ళీ నిండింది. నేనైతే 181 మళ్ళీ కలలో కూడా వద్దనుకుని, 155 దగ్గర ఆగుతా.

ఇక మంచి వైపు. ఈసారి అలకల్లేవు, కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్ క్యాంపుకి మొదటిరోజు నుంచీ వెళ్ళాడు. ప్రెస్కాట్ ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చాడు. 2023లో 36 టచ్‌డౌన్ పాసులు వేసిన చెయ్యి అది. పరిగెత్తేవాళ్ళలో ముఖ్యుడు రికో డౌడల్ మీ షార్లెట్‌కే వచ్చేశాడు కదా (మీ ప్యాంథర్స్ వాళ్ళు మంచి బేరం చేశారు, మీ ఆఫీసులో ఎవరో వాణ్ణి తప్పకుండా తీసుకుంటారు చూడు). పరుగు బలం తగ్గితే విసిరేది పెరుగుతుంది. పాత హెడ్ కోచ్ మెకార్తీ వెళ్ళిపోయి షాటెన్‌హైమర్ హెడ్ కోచ్ అయ్యాడు, ఎప్పుడు ఏ ఎత్తు వెయ్యాలో చెప్పేదీ ఆయనే. ఆయన 2022 నుంచీ అదే కోచింగ్ బృందంలో ఉన్నవాడు కాబట్టి ల్యామ్‌ని ఎలా వాడాలో కొత్తగా నేర్పక్కర్లేదు.

అన్నీ కలిపి నా అంచనా: 105 క్యాచ్‌లు, 1300 యార్డులు, 8 టచ్‌డౌన్లు, అంటే 283 పాయింట్లు. అచ్చంగా కాకపోయినా వాడి 2022 ఇలాగే ఉంది (107, 1359, 9). పోయిన ఏడాది నేను పెట్టిన మూడో పిక్ ధరకి ఇది చాలదు. నువ్వు పెట్టబోయే ఆరో పిక్‌కి సరిపోతుంది.

నీ ముందున్న అయిదుగురూ చేజ్, బిజాన్ రాబిన్సన్, సేక్వాన్ బార్క్‌లీ, జస్టిన్ జెఫర్సన్, జమీర్ గిబ్స్‌లని పట్టుకుపోతారనే అనుకో. అందులో ఎవరైనా ఆరో నంబరు దాకా జారితే మొహమాటపడకుండా తీసుకో, ఒక్క జెఫర్సన్ దగ్గర మాత్రం ఆగు. క్యాంపులో తొడ పట్టేసింది, పైగా క్వార్టర్‌బ్యాక్ కొత్త కుర్రాడు. వాడా ల్యామా అంటే నేను ల్యామ్ అంటా. మలిక్ నేబర్స్ అని న్యూయార్క్ కుర్రాడొకడున్నాడు, మొదటి ఏడే 15 ఆటల్లో 170 టార్గెట్లు! నా టార్గెట్ సిద్ధాంతం ప్రకారం వాణ్ణే తీసుకోవాలి, నాకు తెలుసు. కానీ వాడికి బంతి వేసే చెయ్యి మీద నమ్మకం కుదరడం లేదు. ఇక్కడ నా సిద్ధాంతం కంటే నా భయమే పెద్దది, ఏం చేయను.

ఒకటి గుర్తుపెట్టుకో. మీది స్నేక్ డ్రాఫ్ట్ అయితే, అంటే రెండో రౌండు చివరివాడి నుంచి వెనక్కి తిరిగితే, ఆరు తర్వాత నీ వంతు మళ్ళీ 19కి గానీ రాదు, ఆ తర్వాత 30కి. ల్యామ్‌ని తీసుకుంటే 19లో రన్నింగ్ బ్యాక్‌ని చూసుకో. కౌబాయ్స్‌కి 10వ వారం సెలవు, ఆ వారం ల్యామ్ ఉండడు. దాని గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకు.

బుధవారం పిక్ అవగానే స్క్రీన్‌షాట్ పంపు. సెప్టెంబరు 4 గురువారం రాత్రి సీజన్ మొదటి ఆటే మావాళ్ళది, మళ్ళీ ఫిలడెల్ఫియా మీదే. రాత్రి ఆట కాబట్టి ఎండ గొడవ లేదు. థ్యాంక్స్‌గివింగ్ నాడు మా ఆర్లింగ్టన్‌లో కాన్సాస్ సిటీతో ఆట ఉంది. టికెట్ల రేటు చూసి మూర్ఛపోయా కాబట్టి స్టేడియం ఊసెత్తకు, కానీ నువ్వూ చెల్లాయీ పిల్లలూ వచ్చెయ్యండి. మా ఆవిడ గుత్తివంకాయ చేస్తానంది, టీవీ నేను పెద్దదే కొన్నా. అప్పటికి ల్యామ్ నీ టీమ్‌లో ఉంటే కలిసి అరుద్దాం, లేకపోతే నువ్వు వేరే గదిలో కూర్చో.

నీ
శ్రీధర్‌గాడు

తా.క. ఇంగ్లీషులో Lamb అని రాసినా చివర బి పలకదు. "ల్యాంబ్" అని ఆఫీసులో అరవకు, నవ్వుతారు. నేను అరిచాను.