సంక్రాంతి నాడు సూర్యుడు ఏ రాశిలో?

సంపాదకుల వారికి,

వారఫలాల్లో ‘మేషం’ పక్కన అశ్విని, భరణి, కృత్తిక 1వ పాదం అని వేస్తారు. బాగానే ఉంది. కొన్నిసార్లు దానికే ‘మార్చి 21 - ఏప్రిల్ 20’ అని కూడా తగిలిస్తున్నారు. మొదటిది పుట్టినవేళ చంద్రుడున్న నక్షత్రపాదాన్ని బట్టి. రెండోది పాశ్చాత్యుల సూర్యరాశి. ఈ రెంటికీ పొత్తు లేదు.

మకర సంక్రాంతినే చూడండి. మన పంచాంగం ప్రకారం జనవరి 14నో 15నో సూర్యుడు మకరంలో అడుగుపెడతాడు. పాశ్చాత్య సాయన లెక్కలో డిసెంబరు 21, 22 తేదీలకే మకరంలోకి వచ్చి, సంక్రాంతి నాటికి 24 డిగ్రీలు నడిచేసి ఉంటాడు. నిజం ఆకాశంలోనో, ఇంకా ధనుస్సు చుక్కల మధ్యే! మకర నక్షత్రమండలం హద్దు దాటేది 19, 20 తేదీల్లో.

భూమి అక్షం బొంగరంలా తూలుతూ సుమారు 25,800 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. అంటే 72 ఏళ్లకు ఒక డిగ్రీ. సాయనులు విషువత్తు (రాత్రీ పగలూ సమానమయ్యే రోజున సూర్యుడుండే చోటు) నుంచి కొలుస్తారు, మన పంచాంగం వాడే నిరయనులు నక్షత్రాల నుంచి. మధ్య తేడాయే అయనాంశ. శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం దీన్ని 1956 మార్చి 21కి 23 డిగ్రీల 15 కళలుగా (డిగ్రీకి 60 కళలు) నిర్ణయించింది. ఇప్పుడు 24 దాటింది. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది, ఇప్పుడు 14, 15 అవుతోందంటే కారణం ఇదే. ఉత్తరాయణం ఆ రోజే మొదలవుతుందని రాయడమూ సరికాదు. అప్పటికే సూర్యుడు రెండు డిగ్రీలకు పైగా ఉత్తరానికి జరిగి ఉంటాడు.

మరి నిరయన రాశి కూడా ఆకాశంతో ఎందుకు కలవదు? రాశి అంటే కచ్చితంగా 30 డిగ్రీల ముక్క. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 1930లో గీసిన మండలాల హద్దులు అలా సమానం కావు. సూర్యుడు కన్యలో 45 రోజులుంటే వృశ్చికంలో వారం దాటడు. ఆ తరవాత పామును పట్టుకున్న ఓఫియుకస్‌లో 18 రోజులు. ‘నాసా పదమూడో రాశి కనిపెట్టింది’ అనే వార్త ఏటేటా పుట్టేది ఇక్కడే. రాశినీ మండలాన్నీ ఒకే పేరుతో పిలవడం వల్ల వచ్చిన తంటా.

మన రైతుల కార్తెలు ఈ విషయంలో నయం. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. సూర్యుడు అసలు రోహిణి చుక్క పక్కగా సాగేది జూన్ 1 ప్రాంతంలో, కార్తె లోపలే.

అనుమానముంటే సంక్రాంతి రాత్రి 12.20కి మేడెక్కి చూడండి. నడినెత్తికి కాస్త ఉత్తరంగా పునర్వసు జంట చుక్కలు కనిపిస్తాయి. అవి మిథునంలోవి. అర్ధరాత్రి సూర్యుడుండేది వాటికి సరిగ్గా అవతలి వైపు. మిథునానికి ఎదురుగా ఉన్నది ధనుస్సే. కంప్యూటరుంటే ఆకాశాన్ని చూపే స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్‌లో పగటి వేళ పెట్టి, ‘ఏ’ నొక్కి వాతావరణం తీసేసి, ‘బి’ నొక్కి హద్దులు తెప్పించుకోవచ్చు.

వచ్చే వారం నుంచి మేషం పక్కన ఆ ఇంగ్లిషు తేదీలు తీసేయండి. నక్షత్రపాదాలు చాలు.

- ఒక పాఠకుడు, గుంటూరు