బ్యాగుల్లో దొరికిన పత్తాల గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లల బ్యాగుల్లో పత్తాలు, పాచికలు బయటపడ్డాయని, బడిలో పత్తాలాట నేర్పుతున్నారని ఊరంతా మాట నడుస్తోంది. ఒకరింట్లో వాటిని పొయ్యిలో కూడా వేశారట. అవి పిల్లలు తమ చేతులతో చేసుకున్న ఆట సామాన్లు. అందులో పైసల ఊసే లేదు.



ఇక ఆ ఆట సంగతి. ఫోన్లో ఆడే ఫ్రీఫైర్ ఆటలో జోన్, అంటే ప్రాణానికి భయంలేని చోటు, ముడుచుకుపోతూ ఉంటుంది, బయట చిక్కినవాడి ప్రాణం తగ్గుతుంది. మన పిల్లలు తమ ఆటలో ఆ జోన్ బదులు ముంచుకొచ్చే నీళ్లు పెట్టారు. దానికి ఆధారం నాగార్జునసాగర్ కథ. ఆ డ్యాంకు 1955లో పునాది పడింది. జలాశయం నిండాక లోయ మునిగి నాగార్జునకొండ దీవిగా మిగిలింది. కొన్ని పాత కట్టడాలను ముందే విప్పి కొండ మీదికి చేర్చారు. ఆటలో పనీ అదే. నాలుగు సెంటీమీటర్ల గడులు, అడ్డం 9, నిలువు 9. నాలుగు రౌండ్లకోసారి నీళ్లొచ్చి బయటి వరుస 32 గడులు, తర్వాత 24, ఆపైన 16 మునుగుతాయి. మిగిలే 9 గడులే కొండ. నలుగురు ఆటగాళ్లు తలా మూడు చింతగింజలను అక్కడికి చేర్చాలి.

మొదట ఒక్క పాచికతో ఆడితే 1, 2 పడ్డవాళ్లంతా మునిగిపోయారు. అది మూడింట ఒక వంతు అవకాశం మరి! రెండు పాచికలేసి పెద్ద అంకె తీసుకోమంటే తొమ్మిదింట ఒక వంతుకు దిగింది. ఈ లెక్క కట్టింది వెనక బెంచీ పిల్ల, నాకైతే ముచ్చటేసింది. మునిగినవాడు ఊరికే కూర్చుని పక్కవాణ్ణి గిల్లుతున్నాడని వాడికి పడవ ఇచ్చారు. నీళ్ల గడుల్లో తిరుగుతూ ఇతరుల గింజలు మోస్తాడు. పత్తాలు పెళ్లి కార్డులతో చేస్తే మందాన్ని బట్టి గుర్తుపట్టేస్తున్నారు. అందుకే 18 పత్తాలూ ఒకే చార్టులోంచి కత్తిరించారు. చివరికి నియమాల కాగితం ఆరో తరగతికిచ్చి, తయారుచేసినవాళ్లు నోరు మూసుకుని చూశారు. ‘పక్క గడి’ అంటే మూలగా ఉన్నది కూడానా అన్న దగ్గర ఆట ఆగిపోయింది. ఆ వాక్యం తిరగరాశారు.

పదకొండింటి దాకా ఫోన్ చేతికిచ్చి, పొద్దున ‘పిల్లోడు క్లాసులో నిద్రపోతున్నాడట’ అని మమ్మల్నే అడిగే పెద్దలకు వినయంగా ఒక మనవి: అన్నం తినేటప్పుడైనా ఫోన్ తీసి పక్కన పెట్టండి. బ్యాగు దులిపేటప్పుడు మాత్రం చింతగింజలు పారేయకండి, పన్నెండుకు ఒక్కటి తగ్గినా ఆట సాగదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు