నీ పాత కారూ, కొండ దారీ, బ్రేకుల సంగతీ

ఒరేయ్ సూరీ,

కొండ దారి కోసం నీ పాత కారు డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు వేయించేద్దామా అని అడిగావు. అప్పుడే వద్దురా. ముందు చక్రాలకి డిస్కులంటే బ్రాకెట్లు, చక్రం లోపల చోటు, పెడల్ తొక్కితే ఆయిలుని గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండరు, అన్నీ కదపాలి. మన తొక్కుడుకి బలం కలిపే సర్వో పెడితే కాలికి సుఖమే గానీ, చక్రంతో తిరిగే ఇనప డ్రమ్ముకి ఒరిగేదేం లేదు. కొండ దిగేటప్పుడు మనతో పేచీ పెట్టుకునేది వేడి.

లెక్క చూడు. 1,200 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 35 లక్షల జౌల్స్ శక్తి ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. నాలుగు డ్రమ్ములూ కలిపి 32 కిలోల ఇనుము అనుకో. ఆ భారమంతా బ్రేకులే మోస్తే, గాలికి చల్లారేది పక్కన పెడితే, డ్రమ్ముల వేడి 240 డిగ్రీలు పెరుగుతుంది. వేడికి డ్రమ్ము సాగి, లోపలినుంచి దాన్ని ఒరుసుకునే షూలకి దూరమవుతుంది, షూల మీది రాపిడి పొర, అదే లైనింగు, పట్టు తప్పుతుంది. ఆ వేడి, షూలని నెట్టే వీల్ సిలిండర్లోకి పాకితే ఆయిలు మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. అప్పుడిక పెడల్ నేలకి తగిలేదాకా తొక్కినా నొక్కుకుపోయేది ఆ బుడగలే, షూలు కదలవు.

అందుకని ముందు ఆయిలు సంగతి. కొత్త డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చి అందులో నీరు 3.7 శాతానికి చేరిందా, 140కే మరిగిపోవచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. డాట్ 4 పోసి, ఏడాదికో రెండేళ్లకో మొత్తం మార్చేయ్. సిలికాన్ రకం డాట్ 5ని మాత్రం దీంట్లో కలపకు. అది నీరు పీల్చదు నిజమే, కానీ లోపలికి చేరిన నీరు విడిగా పల్లంలో కూర్చుంటుంది.

అసలు పనంతా డ్రమ్ముల దగ్గరే. లోపలి వ్యాసం నాలుగైదు చోట్ల కొలిపించు. చాలా డ్రమ్ములకి అసలు కొలత మీద ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగితే అదే ఆఖరు, నీ బండి మాన్యువల్ ఏమంటే అదే మాట. పలచబడ్డ డ్రమ్ము త్వరగా కాగుతుంది, తొక్కితే వంగుతుంది కూడా. లేత్ మీద తిప్పించాక చాలామంది ఒక పని మరిచిపోతారు. డ్రమ్ము పెద్దదైంది కదా, కొత్త షూ వంపు దానికి సరిపోక మధ్యలో మాత్రమే తగులుతుంది. బ్రేకులు కొత్తవే, బండి మాత్రం ఆగదు! డ్రమ్ము లోపల సుద్ద రాసి షూని చేత్తో ఆడించు. మచ్చ నడుమనే పడితే లైనింగుని ఆ వంపుకి అరగదీయించాలి. లైనింగు మరీ గట్టి రకం తీసుకోకు, సర్వో లేని బండికి పెడల్ రాయిలా ఉంటుంది. కింద షూలు ఒకదాన్నొకటి నెట్టుకునే రకమైతే పొట్టి లైనింగున్న షూ బండి ముందువైపుకి రావాలి. ఆయిలో గ్రీజో తాగిన లైనింగుని కడిగి వాడాలని చూడకు, పారేసి సీలు మార్చు. పాత లైనింగు దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి ఊదనివ్వకు, తడిగుడ్డతో తుడిపించు.

వేరే రకంతో మార్చమని నేను చెప్పే ఒకే ఒక్క భాగం మాస్టర్ సిలిండరు. నీది ఒకే సర్క్యూటు, అంటే నాలుగు చక్రాలకీ ఆయిలు దారి ఒకటే, ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోయినట్టే. ముందుకీ వెనక్కీ వేరువేరుగా ఉండే రెండు సర్క్యూట్ల రకం పెట్టించు. బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, చూసి కొను. ఒక అంగుళం బదులు ముప్పాతిక మీద అరపాతిక, అదే 7/8 అంగుళం వేస్తే, అంతే తొక్కుడుకి ఒత్తిడి 30 శాతం పెరుగుతుంది. పెడల్ ప్రయాణం కూడా అంతే పెరుగుతుంది, ఊరికే ఏదీ రాదు. డ్రమ్ములకి ప్రతి సర్క్యూట్లోనూ పెడల్ వదిలినా 10 పీఎస్ఐ ఒత్తిడి నిలబెట్టే వాల్వు ఉండాలి. కొత్త సిలిండర్లో లేకపోతే లైన్లో విడిగా వేయించు. పెడల్ తొక్కుడుని మాస్టర్ సిలిండరుకి అందించే పుష్ రాడ్ దగ్గర ఒకట్రెండు మిల్లీమీటర్ల ఖాళీ తప్పనిసరి. అది లేకపోతే ఆయిలు వెనక్కి రాదు, బ్రేకులు పట్టుకునే ఉండి వాటంతటవే కాగుతాయి. రబ్బరు హోసులు పైకి బాగున్నా లోపల ఉబ్బి ఆయిలుని ఆపేస్తాయి, మార్చెయ్.

అన్నీ అయ్యాక చదును దారిలో 50 నుంచి 15 కిలోమీటర్ల వేగానికి పాతిక సార్లు, మధ్యలో చల్లారనిస్తూ తొక్కు. లైనింగు కుదురుకుంటుంది. దిగి నాలుగు డ్రమ్ముల వేడీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడు. ఎడమకీ కుడికీ బాగా తేడా ఉంటే ఒకవైపు షూ పట్టేస్తోందనో, రెండోవైపు పనిచెయ్యట్లేదనో అర్థం.

కొండ మీద ఎక్కిన గేర్లోనే దిగు, ఆ గేరు కూడా వాలు మొదలవకముందే వెయ్యి. ఓవర్‌డ్రైవ్ (పై గేరు) ఉండి, అందులో చక్రాలని ఇంజను నుంచి విడిపించి ఊరికే తిరగనిచ్చే ఫ్రీవీల్ ఉంటే లాక్ చెయ్, లేకపోతే ఇంజను పట్టు ఉండదు. కాలు పెడల్ మీద ఆనించి ఉంచకు. గట్టిగా తొక్కి వేగం తగ్గించు, పూర్తిగా వదిలెయ్. పెడల్ లోతుకి పోతోందనిపిస్తే ఆగిపో. కాగిన డ్రమ్ముల మీద నీళ్లు పొయ్యకు, పగుళ్లిస్తాయి. హ్యాండ్ బ్రేకు కూడా లాగి వదిలెయ్యకు. డ్రమ్ము చల్లారుతూ కుంచించుకుని షూల మీద బిగుసుకుంటుంది. గేర్లో ఉంచి చక్రాలకి చెక్క దిమ్మలు పెట్టు.

డ్రమ్ముల కొలతలూ, ఇప్పుడున్న మాస్టర్ సిలిండరు బోరూ రాసి పంపు. పుష్ రాడ్ పొడవు కూడా.

నీ
మూర్తి