ఆ కరపత్రంలో ‘బాయ్స్ ఓన్లీ’ ఎందుకు?

సంపాదకుడు గారికి,

సంక్రాంతి దగ్గర పడుతోంది. కావలి చుట్టుపక్కల ఊళ్లలో యువజన సంఘాల కుర్రాళ్లు చందా పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు. పండగ పోటీల జాబితాలో ముగ్గులు, కబడ్డీ, ఎడ్ల బండలాగుడు పక్కన ఇప్పుడు ఫోన్లో ఆడే తుపాకుల గేమ్ బీజీఎంఐ కూడా చేరింది. మంచిదే. కేంద్రం 2022 డిసెంబరులో ఇలాంటి వీడియో గేమ్ పోటీలను, అంటే ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వాటికి పతకాలూ ఇచ్చారు. నా అభ్యంతరమల్లా నా చేతికొచ్చిన ఆ గేమ్ పోటీ కరపత్రం అడుగున వేసిన ‘బాయ్స్ ఓన్లీ’ అన్న ముక్క మీదే.

నాది ట్రంకు రోడ్డులో మొబైల్ రిపేరు షాపు. చందాకొచ్చిన పిల్లల్ని ఇదేందని అడిగితే, ‘ఆడపిల్లలు ఎవరొస్తారన్నా?’ అన్నారు. రారని అంత నమ్మకముంటే వద్దని అచ్చు వేయించడం ఎందుకో వాళ్లు చెప్పలేకపోయారు. అమ్మాయిలు ఆడరన్న మాట కూడా నిజం కాదు. గేమ్ ఆడేవాళ్ల ఫోను చేతికి రాగానే మాకు తెలిసిపోతుంది. టెంపర్డ్ గ్లాసు మీద ఎడమ బొటనవేలు ఆడే చోటు, ఫైర్ బటన్ ఉండే చోటు అరిగిపోయి ఉంటాయి. నాలుగు వేళ్లతో ఆడేవాళ్లదైతే పై మూలలు రెండూ అరుగుతాయి. అలాంటి ఫోన్లు ఆడపిల్లలవీ వస్తాయి, కాకపోతే ఎక్కువగా అన్నదమ్ముల చేతుల్లో వస్తాయి.

ఇంటర్ చదివే అమ్మాయి ఒకరు డిస్‌ప్లే మార్పించుకుని, ఫోను వంపును పసిగట్టే గైరోస్కోప్ పనిచేస్తోందో లేదో అక్కడే చూసుకుంది. ట్రైనింగ్ గ్రౌండ్‌లోకి వెళ్లి, ఫోనును ఇంతే ఇంత ముందుకు వంచుతూ, గన్ను పైకి ఎగరకుండా పట్టి, మ్యాగజైన్ మొత్తం గోడ మీద ఒక్కచోటే దించింది. షాపులో ఉన్న కుర్రాళ్లు నోరు తెరిచారు. ఆ పిల్ల ఐడీ మాత్రం మగపేరుతో ఉంది. మైక్ ఎప్పుడూ ఆఫే. ఎందుకమ్మా అంటే, ‘గొంతు వినపడితే ఇంక ఆట జరగదన్నా’ అంది. ఒకడు ఇన్‌స్టా ఐడీ అడుగుతాడట, ఇంకొకడు బూతులు మొదలుపెడతాడట. గేమ్‌లో దెబ్బతిని కింద పడితే లేపడానికి టీమ్‌మేట్ కూడా రాడట. అన్నిటికీ ఓర్చుకుని గెలిస్తే, ‘మీ అన్న ఆడుతున్నాడా?’ అంటారు, హ్యాండ్‌క్యామ్, అంటే చేతుల మీద కెమెరా, పెట్టి చూపించమంటారు.

దొంగ సాఫ్ట్‌వేర్‌తో ఆడే హ్యాకర్ అన్న అనుమానం అబ్బాయిల మీదా వస్తుంది, కాదనను. కానీ బాగా ఆడే అబ్బాయిని ఆ వేళ్లు నీవేనా అని ఎవరూ అడగరు. ఇది మన ఊరి జబ్బే అనుకోవద్దు. దక్షిణ కొరియాలో గెగురి అనే పేరుతో కంప్యూటర్ షూటింగ్ గేమ్ ఓవర్‌వాచ్ ఆడే కిమ్ సేయాన్ మీద 2016లో ఇలాగే మోసం చేస్తోందన్న నింద పడింది. అప్పటికి ఆమెకింకా ఇరవై ఏళ్లు కూడా లేవు. స్టూడియోలో తన చేతుల మీద కెమెరా పెట్టించుకుని, అందరూ చూస్తుండగా ఆడి చూపించింది. 2018లో షాంఘై జట్టు తరఫున ఓవర్‌వాచ్ లీగ్‌లోకి వెళ్లిన మొదటి మహిళ ఆమే. అంత ఆట ఉన్న మనిషికే ఆ పరీక్ష తప్పలేదు, ఇక కావలి పిల్ల మైక్ ఆపుకుందంటే వింతేముంది?

చందాకొచ్చిన వాళ్లలో కాస్త చదువుకున్న అబ్బాయి ఒక పాయింటు తీశాడు: ‘చెస్‌లో కూడా ఆడవాళ్లకు వేరుగా పెడతారు గదన్నా?’ 2014లో ఫిన్లాండ్‌లో హార్త్‌స్టోన్ అనే కార్డుల వీడియో గేమ్ అర్హత పోటీని మగవాళ్లకే పరిమితం చేసినప్పుడు అంతర్జాతీయ ఈ-స్పోర్ట్స్ సమాఖ్య కూడా చెస్ పేరే ఎత్తింది. అందరూ గోల చేశాక ఆ నిబంధన తీసేసింది. అసలు సంగతేమిటంటే, చెస్‌లో మహిళల టోర్నీలు ఉన్నాయి గానీ మిగతావి మగవాళ్లవి కావు, ఓపెన్. ఎవరైనా ఆడొచ్చు. హంగరీ చెస్ క్రీడాకారిణి జుడిత్ పోల్గార్ మహిళల ప్రపంచ టైటిల్‌కు ఎప్పుడూ పోటీ పడలేదు, ఓపెన్‌లోనే ఆడి 2002లో ర్యాపిడ్ గేమ్‌లో మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది. మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి అదే ఏడాది పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అమ్మాయిలకు అదనంగా ఒక పోటీ పెట్టండి, సంతోషం. ఉన్న ఒక్క పోటీకి తలుపేసి చెస్‌ను సాక్ష్యం పిలవొద్దు.

అలాగని చెస్ హాల్లో అంతా సవ్యంగా ఉందనీ అనను. మన దేశపు చెస్ క్రీడాకారిణి దివ్య దేశ్‌ముఖ్ 2024 జనవరిలో నెదర్లాండ్స్‌లో టాటా స్టీల్ టోర్నీ ఆడి వచ్చి, చూసేవాళ్లు తన ఆట గురించి కాకుండా బట్టలు, జుట్టు, యాస గురించి మాట్లాడారని బయటపెట్టింది. మరుసటి ఏడాది మహిళల ప్రపంచకప్ ఫైనల్లో హంపిని ఓడించింది కూడా ఆమే.

‘గేమ్‌లో తిట్లు మామూలేనన్నా, మేమూ తిట్టుకుంటాం’ అన్నది ఇంకో వాదన. వాడు చెత్తగా ఆడితే తిడతారు, ఆమె ఆడదైనందుకు తిడతారు. రెండూ ఒకటెట్లా అవుతాయి? ఆడపిల్లలు అంత టెన్షన్ తట్టుకోలేరని కూడా ఒకడన్నాడు. సారా వేలంపాటల్ని అడ్డుకున్న దూబగుంట ఆడవాళ్లున్న జిల్లాలో పుట్టి ఆ మాటంటే నవ్వొచ్చింది.

నిర్వాహకులకు ఇది తలకు మించిన పనేం కాదు. మ్యాచ్‌లోకి రావడానికి రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చేది వాళ్లే, మ్యాచ్ మొత్తం చూసే స్పెక్టేటర్‌గా కూర్చునేదీ వాళ్లే. అసభ్యంగా మాట్లాడితే స్క్వాడ్ మొత్తం అవుట్ అని కరపత్రంలో ఒక లైను వేయాలి. మొదటి మ్యాచ్‌లోనే ఒక జట్టును పంపించేస్తే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. మ్యాచ్‌లు రాత్రి పదింటికి కాకుండా పగలు పెడితే ఇళ్లలో కూడా పంపిస్తారు. కాలేజీ ఫెస్టుల సంగతి వేరు. అక్కడ లైంగిక వేధింపుల మీద యూజీసీ 2015 నిబంధనల ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. గేమింగ్ హాల్లో పడే బూతు కూడా వాళ్ల ముందుకు వెళ్లాల్సిందే. స్త్రీని అవమానించే మాటలకు భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ ఎలాగూ ఉంది.

ఫిర్యాదు చేయాలంటే మాత్రం చేతిలో రికార్డింగ్ ఉండాలి. కొన్ని ఫోన్లలో స్క్రీన్ రికార్డర్ ఆన్ చేసినా వాయిస్ చాట్ పడదు, ముందే ఒకసారి రికార్డు చేసి, విని చూసుకోండి. సెట్టింగ్ తెలియకపోతే ఏ మొబైల్ షాపులో అడిగినా చెబుతారు. నా దగ్గరికొస్తే దానికి డబ్బులు తీసుకోను.

– ఒక మొబైల్ షాపు యజమాని,
ట్రంకు రోడ్డు, కావలి, నెల్లూరు జిల్లా