ముందు హుక్ చూడు, ఈక తర్వాత

తిరుపతి,
ఫిబ్రవరి 9

అమ్మలూ,

నువ్వు హిమాచల్‌లోని బంజారు నుంచి పంపిన డబ్బా అందింది. అందులో నువ్వు కట్టిన డ్రై ఫ్లైలు, అదే చేప కోసం హుక్‌కి ఈకా దారం చుట్టి నీళ్ళ మీద తేలేలా చేసే ఉత్తుత్తి పురుగులు, ఆరూ చూశాను. దారం ఎక్కడా వదులు లేదు, నాకంటే నీ చేతే నయం. నీళ్ళ మీద నిలవడం లేదు నాయనా, ఈక మంచిది కాదేమో అని రాశావే, ఆ మాటకే ఈ ఉత్తరం. పక్కింటి వాళ్ళ డేగ పుంజు మెడ ఈకకు వంక పెట్టకు. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక్కోటీ వదిలి చూశాను. నాలుగు మునిగాయి. నాలుగింటికీ నువ్వు వాడింది వెట్ ఫ్లై హుక్. లావు తీగతో, మునగడానికని చేసింది అది. ఎంత మంచి ఈకైనా ఆ బరువును ఎంతసేపు మోస్తుంది?

చిన్నప్పుడు నేను చెరువులో గాలం వేస్తే పైన బెండు తేలేది, కింద ముల్లు మునిగేది. డ్రై ఫ్లైకి బెండు లేదు. చుట్టిన ఈక పోచల మొనలే నీటి పైపొర మీద నిలబెట్టాలి. అందుకే పెట్టె మీద డ్రై ఫ్లై అనో 1ఎక్స్ ఫైన్ అనో ఉన్నది తీసుకో. 1ఎక్స్ ఫైన్ అంటే ఆ సైజుకు మామూలుగా వాడే తీగ కంటే ఒక మెట్టు సన్నం. నెంబర్ల సంగతి కంసాలి కూతురివి, నీకు చెప్పక్కర్లేదు. మన తీగ గేజీ లాగే నెంబరు పెరిగేకొద్దీ హుక్ చిన్నది. 14 కంటే 16 చిన్నది.

కొలతలన్నీ హుక్ నుంచే వస్తాయి. తోక, హుక్ కాడంత, అంటే దారం చుట్టే తిన్నని భాగమంత పొడుగు. ఈక పోచ, ముల్లుకూ కాడకూ మధ్య ఉండే ఎడానికి ఒకటిన్నర రెట్లు. ఈక చేతిలో పట్టుకుని దానికి సరిపడే హుక్ వెతికితే పని తిరగబడుతుంది. నువ్వు ముచ్చటపడే ఆడమ్స్ అనే డ్రై ఫ్లై ఉందే, 1922లో అమెరికాలోని మిషిగన్‌లో లెన్ హాలడే అనే ఆయన కట్టింది, దాన్ని 14తో మొదలుపెట్టు. చెయ్యి కుదిరాక 16కు దిగు.

సన్న తీగ అన్నాను కదా అని ఏది పడితే అది కొనకు. పోయిన అక్టోబర్‌లో తీర్థన్ నదిలో నీ చేప తప్పించుకుపోయి, హుక్ జడపిన్నులా విచ్చుకుందని ఫోన్ చేశావు. అప్పుడు చెప్పలేదు గానీ, అవి నేను చవగ్గా వచ్చాయని కొన్న పేరులేని పొట్లంలోవి. తప్పు నాదే. ఇప్పుడు ప్రతి పొట్లంలోంచీ ఒకటి తీసి, హుక్‌ను కదలకుండా పట్టే వైజులో బిగించి గోటితో మీటుతున్నాను. కాస్త వంగి వెనక్కి రావాలి. వంగిందలా ఉండిపోతే పదును, అంటే మొన వాడి కాదు, ఉక్కును కాచి ఇచ్చే గట్టితనం చాలలేదు, పుటుక్కున విరిగితే పదును ఎక్కువైంది. ఉక్కు దగ్గర పదును ఎంత ముఖ్యమో మా నాయన పట్టకారు చూపించి చెప్పేవాడు. నేనే మరిచాను.

మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లు లేని హుక్ దొరక్కపోతే, కట్టకముందే శ్రావణంతో నొక్కెయ్. కట్టాక నొక్కితే, విరిగినప్పుడు గంట పని పోతుంది. ఎలాగూ చేపల్ని తిరిగి వదిలేస్తావు, వాటి నోరూ చీరదు.

గాలం తాడు కట్టే కన్ను పైకి తిరిగిన హుక్కే పాత పద్ధతి అంటారు. చిన్న సైజుల్లో ముల్లు దగ్గర ఎడం మూసుకుపోకుండా ఉంటుంది, నిజమే. నాకైతే కిందికి తిరిగిందైనా ఒకటే. కన్ను వెనక కాస్త కాడ ఖాళీగా వదిలితే చాలు, ముడి పడుతుంది. నువ్వు ఆ చోటు కూడా దారంతో నింపేస్తున్నావు.

మార్చి 1న మీ దగ్గర చేపలు పట్టే సీజన్ మొదలయ్యేలోపు అందాలని ఈరోజే పార్సిల్ వేస్తున్నాను. పాతికేసి హుక్కులు, 14వీ 16వీ. చెనిక్కాయల పొడి డబ్బా మూత మెల్లగా తియ్. హుక్కుల పొట్లం మీ అమ్మ అందులోనే దోపింది.

మీ నాయన